ఒక్క నంబరుకే వెళ్ళే ఫోను

ఒకప్పుడు ఉభయ గోదావరి జిల్లాల్లో ఎవరి ఫోను మోగాలో, ఎవరిది నోరు మూసుకుని పడుండాలో నిర్ణయించినవాణ్ణి నేను. నా వేలు ఒక్క మీట మీద పడితే ఎమ్మెల్యే ఫోనైనా సరే మాట మానేసేది. మా మెస్సుకి భోజనానికొచ్చే కుర్రాళ్ళతో ఈ మాట అంటే కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని వింటారు. వాళ్ళలో ఇద్దరు ఈ మధ్యనే ఫోన్ల కంపెనీల్లో చేరారు. ఉద్యోగం ఎలా ఉంటుందో కాస్త రాసిపెట్టమని వాళ్ళే అడిగారు. అడిగినవాళ్ళకి అబద్ధం రాసివ్వడం బాగుండదు కనక మళ్ళీ మొదలుపెడతాను.

నేను నిర్ణయించిందేమీ లేదు. రాజమండ్రిలో ఒక మేడ మీద మా కంపెనీ ఆఫీసు ఉండేది. అందులో మంచినీళ్ళ డ్రమ్ము పక్కన నా బల్ల. బల్ల మీద ఒక కంప్యూటరు, దానికో తీగ, ఆ పక్కన ఫిర్యాదుల ఫోను. కొత్త ఫోను అమ్ముడైతే దానికి తీగ తగిలించి లోపల నంబరు ఎక్కించాలి. సాయంత్రం దాకా ఫిర్యాదులు వినాలి. ఎవరి ఫోను మోగాలో హైదరాబాదులో నిర్ణయించేవారు. ఎందుకు మోగడం లేదని రాజమండ్రిలో నేను తిట్లు తినేవాణ్ణి.

ప్రమోషన్ల గురించి రాయను. రాలేదు కాబట్టి.

మా ఫోను, మా తాళం

అంతకుముందు నేను టెలిఫోన్ శాఖలో స్తంభాలెక్కే పని చేశాను. అక్కడ ఫోనంటే ఒక పెట్టె, ఒక తీగ. తీగ తెగితే మోగదు, అతికితే మోగుతుంది. ప్రపంచం తేలిగ్గా ఉండేది. ముందుగానే రిటైర్మెంటు తీసుకుని ఈ ప్రైవేటు కంపెనీలో చేరాక తెలిసింది, తీగ లేకుండా కూడా మనిషిని కట్టేయొచ్చని.

రెండువేల రెండు, మూడు ప్రాంతాల సంగతి. మా ఫోన్లకి సిమ్ము ఉండేది కాదు. నంబరు ఫోను కడుపులోనే ఉండేది. మా మీద కోపమొచ్చి వేరే కంపెనీకి పోదామంటే ఆ ఫోను కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు. ఆన్ చేస్తే ముందు మా కంపెనీ బొమ్మ కనిపించాలి. మధ్య మీట నొక్కితే మా పాటల దుకాణం తెరుచుకోవాలి. జేబులో పొరపాటున నొక్కుకుపోయినా సరే, తెరుచుకునేది. మోత కూడా మేమిచ్చిందే, అందరికీ ఒకటే. పెళ్ళిపందిట్లో ఒకరి ఫోను మోగితే మగపెళ్ళివారూ ఆడపెళ్ళివారూ కలిసి జేబులు తడుముకునేవారు. ఒక లూథరన్ చర్చి పాస్టరుగారు వచ్చి ఎంతో మర్యాదగా, ప్రార్థనలో మా మోత మోగిన ప్రతిసారీ సండే స్కూలు పిల్లలు దానికి మాటలు కట్టి పాడేస్తున్నారనీ, ఇంకో మోత పెట్టే వీలుంటే చూడమనీ అడిగారు. వీలు లేదని చెప్పాను. మాటలు ఏం కట్టారని అడిగాను. ఆయన చెప్పలేదు.

ఇవన్నీ నవ్వుకునే తాళాలు. నవ్వు రాని తాళం ఇంకోటి ఉంది, దాన్ని ఏరియా లాక్ అనేవాళ్ళం. ఆ రోజుల్లో మా రకం ఫోన్లకి లైసెన్సు రూలే అలా ఉండేది. ఏ ఏరియా చిరునామా మీద కొన్నారో ఆ ఏరియా టవర్ల కిందే పనిచేయాలి. గోదావరి వశిష్ఠ పాయకి ఇటు రావులపాలెం వైపు ఒక ఏరియా, అటు పెనుగొండ వైపు ఇంకో ఏరియా. రెండు వైపులా టవర్లు మావే. అయినా ఇటు ఫోను అటు టవరుకి పరాయిది. బస్సు వంతెన ఎక్కగానే జనం "వంతెనొచ్చేసిందండి, ఉంటాను మరి" అని ముందుగానే పెట్టేసేవారు. అలవాటైపోయింది వాళ్ళకి.

తాళం వేయడమే తప్పని నేననను. ఫోను చవగ్గా ఇచ్చి, మనిషి మన దగ్గరే ఉండాలనుకోవడం వ్యాపారం. తాళం ఉందని కొనేవాడికి చెప్పకపోవడం మాత్రం తప్పే. షాపువాడు చెప్పడు, మేం చెప్పం. డబ్బా మీద చీమ కాళ్ళంత అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంటుంది. మీరు ఈ ఉద్యోగంలో చేరితే, కొనడానికొచ్చినవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఫోను ఎక్కడ కూర్చుని మాట్లాడతారు? నేను ఆ ప్రశ్న నేర్చుకున్నది సత్తిబాబు దగ్గర.

లంక నుంచి

మాఘమాసంలో ఒక సాయంత్రం. అందరూ వెళ్ళిపోయారు. నేను ఎప్పుడూ ఆఖరిగా వెళ్ళేవాణ్ణి. అంకితభావమని మా ఆఫీసులో అనుకునేవారు, నేనూ కాదనేవాణ్ణి కాదు. అసలు సంగతేంటంటే అప్పటికి నా భార్య పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. గదికి వెళితే పక్కవాటాలో టీవీ గోడలోంచి వినపడడం తప్ప వేరే మాట ఉండేది కాదు. ఆఫీసులో ఫ్యానన్నా ఉండేది.

ఫిర్యాదుల ఫోను మోగింది.

"హలో, ఎవరండి?" అన్నాడు అటువైపు మనిషి.

ఫిర్యాదు చేసేవాడు మనల్ని ఎవరని అడగడం అదే మొదలు. కంపెనీ అని చెప్పాను.

"అయ్యబాబోయ్, ఎల్లిందండి. ఇందాకణ్ణుంచి అందరికీ కొడతన్నాను. మా అన్నయ్యకి ఎల్లలేదు, గెలల షావుకారుకి ఎల్లలేదు, మా ఆవిడోళ్ళకి ఎల్లలేదు. ఫోను ఎనకాల అతికించిన కాయితం మీద మీ నంబరుంటే కొట్టాను. మీకొక్కళ్ళకే ఎల్తందండి."

ఎక్కడి నుంచి మాట్లాడుతున్నావంటే లంకలో నుంచి అన్నాడు. నాకు అర్థమైపోయింది. వశిష్ఠ మధ్యలో చుట్టూ నీళ్ళున్న ఇసక దిబ్బ ఆ లంక. వాళ్ళ ఊరు రావులపాలెం వైపు గట్టు మీద ఉంది కాబట్టి ఫోను ఆ ఏరియాది. అతని పాక మాత్రం లంకకి పడమటి అంచున ఉంది. అక్కడ ఫోనుకి దగ్గరగా వినపడేది అవతలి ఒడ్డు టవరు. ఏరియా దాటిన మా ఫోను నుంచి కాల్ రెండు చోట్లకే వెళుతుంది, పోలీసులకి, మాకు.

"వందకి కూడా వెళుతుందయ్యా" అన్నాను.

"పోలీసులతో మనకేం మాటలుంటాయండి" అన్నాడు.

పేరు సత్తిబాబు. అతనికి లంకలో అరటితోట ఉంది. గెలలు కోసి, నావలో గట్టుకి చేర్చి, సైకిలు మీద రావులపాలెం మార్కెట్టుకి తోలతాడు. ఫోను అక్కడే కొన్నాడు. షాపువాడు అక్కడే నొక్కి చూపించాడు, మోగింది. లంకకి తెచ్చాక నోరు మూసుకుంది. బాగుచేయమంటున్నాడు.

అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒకటే: ఇది చెడిపోలేదు, దీని రూలే ఇంత. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ అతను "మీరు ఆఫీసరుగారాండి?" అని అడిగాడు. ఎవరూ లేని ఆఫీసులో ఆ ప్రశ్న చాలా బాగా వినిపించింది. "ఆ, నేనే. చూద్దాంలే" అన్నాను.

మర్నాడు సాయంత్రం అదే వేళకి మళ్ళీ మోగింది.

మంగ పెట్టిన షరతు

వేరే ఎవరికీ వెళ్ళని ఫోను కదా, రోజూ నాకే చేసేవాడు. మొదట్లో తాళం సంగతే అడిగేవాడు. తరవాత తాళం సంగతి అడిగి, ఆ రోజు వండుకున్న కూర చెప్పేవాడు. చిలకలు తోటలో ఎలా పడ్డాయో, నీళ్ళు ఎంత తీశాయో చెప్పేవాడు. నేను మెస్సులో సాంబారుని తిట్టేవాణ్ణి. టెలిఫోన్ శాఖలో ఉండగా తుఫానులో స్తంభం మీద రాత్రంతా వేలాడి మొగల్తూరు లైను కలిపానని కూడా చెప్పాను. స్తంభం నిజం, తుఫాను నిజం. వేలాడింది ఇంకొకాయన, నేను కింద నిచ్చెన పట్టుకున్నాను.

మొగల్తూరు పేరు వినగానే అతను కూర సంగతి వదిలేశాడు. వాళ్ళావిడ మంగది ఆ ఊరేనని అప్పుడు చెప్పాడు. అక్కడే ఉంటోందిట, వాళ్ళమ్మ దగ్గర.

కిందటేడు ఒకరోజు అతను మార్కెట్టుకి గెలలు తీసుకెళ్ళాడు. బేరం కుదరక ఆలస్యమైంది. లంకలో మంగ ఒక్కతే. తేలు కుట్టింది. నావ అతనితో గట్టున ఉంది. నీళ్ళ అంచుకి వచ్చి రెండు ఒడ్ల వైపూ తిరిగి కేకలేసింది. ఇటు గట్టూ అటు గట్టూ కూడా దూరమే, గాలి వేరే. చీకటి పడ్డాక అతను తిరిగొచ్చేసరికి ఇసకలో పడుంది. ప్రాణానికేం కాలేదు. కాలు తగ్గాక పుట్టింటికి వెళ్ళింది.

"నన్నేం తిట్టలేదండి. తిట్టినా బాగుండు. 'అరిచి అరిచి నా గొంతు నాకే ఇనపడ్డం మానేసింది. అక్కణ్ణుంచి మా అమ్మకి మాట ఎల్లేదేదన్నా పెట్టు, వత్తాను. లేపోతే రాను' అంది. అందుకేనండి ఈ ఫోను కొన్నది."

 ఇంకో మాట కూడా చెప్పాడు, "ఆఫీసరుగారు నాకు బాగా తెలుసు, తాళం తీయిత్తారని కబురెట్టానండి. కార్తీకానికి కొత్త పాక ఏసుకుంటాం కదా, అప్పటికి పనిచేత్తే వత్తానంది."

లంకల్లో పాకలు ఏడాదికోసారి లేస్తాయి. వరద రాకముందే వాసాలూ తాటాకులూ విప్పి గట్టుకి చేర్చేస్తారు. నీళ్ళు తీసి, ఇసక ఆరాక, కార్తీకంలో మళ్ళీ వేసుకుంటారు. ఆ కొత్త పాకకి మంగ రావాలంటే నేను ఆఫీసరు కావాలి. నా గొప్పలు అంతవరకూ ఎవరిచేతా ఖర్చు పెట్టించలేదు. ఇది పెట్టించింది.

కిరణ్‌గారు

మా మేనేజరు కిరణ్‌గారు. నా వయసులో సగముంటాడు. ఆయన బల్ల మీద గుద్ది, మనిషి బాధ తెలియని కంపెనీలో పనిచేయనని చెప్పాను. చెప్పలేదులెండి. మూడుసార్లు వెళ్ళి, మూడుసార్లూ చేతులు కట్టుకుని నిలబడి అడిగాను.

మొదటిసారి నవ్వాడు. రెండోసారి విన్నాడు. ఆ ఫోనుని అవతలి ఏరియాకి మారిస్తే ఇవతలి గట్టు మీద మూగబోతుంది. మార్కెట్టు ఇవతలే. పైగా అవతల అతనికి చిరునామా లేదు. రెండు ఏరియాలూ ఒక ఫోనుకి ఇవ్వడానికి సిస్టంలో గడే లేదు. నేను కోటగుమ్మం దగ్గర ఫోన్ల తాళాలు తీసే కుర్రాళ్ళ షాపులో కూడా విచారించాను. ఫోనులో బొమ్మా మోతా తీసేస్తాంగానీ, వద్దన్న టవరుని ఒప్పించడం మా వల్ల కాదన్నారు.

మూడోసారి కిరణ్‌గారు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "మనం తాళం ఫోనుకి వేయలేదు సార్, మనిషికి వేశాం. నాకూ తెలుసు. కానీ తీసే చెయ్యి నాది కాదు" అన్నాడు. నా ముందే హైదరాబాదుకి రాశాడు. మంగ సంగతి కూడా రాశాడు. ఇంగ్లీషులో తేలు కుట్టడం చాలా చిన్న విషయంలా కనిపించింది. జవాబు వచ్చింది: కస్టమరు తన ఏరియాలోనే ఫోను వాడుకోవలసిందిగా సలహా ఇవ్వగలరు.

నా సర్వీసులో చూసిన పైవాళ్ళలో కిరణ్‌గారు మంచివాళ్ళలో లెక్క. ఈ వ్యాపారంలో మంచివాడికీ చెడ్డవాడికీ తేడా, కాదని చెప్పేముందు కుర్చీ వేస్తాడా లేదా అన్నంతవరకే. కాదనేది ఇద్దరూ కాదనే అంటారు. మీకు కుర్చీ వేసే మేనేజరు దొరికితే మాత్రం తేలిగ్గా వదలకండి.

ఆ సాయంత్రం సత్తిబాబుకి ఆ జవాబు చెప్పలేదు. ఇంకా చూస్తున్నాం అన్నాను. ఒక మాట ఇక్కడ రాయాలి. కొన్ని సాయంత్రాలు, ఆ ఫోను పెట్టేసి ఫ్యాను ఆపి మెట్లు దిగుతూ అనుకునేవాణ్ణి, తాళం తీసేస్తే ఇతనికి ఊరంతా ఉంటుంది, నాకెవరు చేస్తారు అని. అనుకోవడమే. అనుకున్నందుకు పని ఆపలేదు. ఆపడానికి నా చేతిలో పనేమీ లేదు కూడా.

లంక మీద

జ్యేష్ఠం చివర ఒక ఆదివారం లంకకి వెళ్ళాను. టవర్ల బలం కొలిచే ఇంజినీరుగా వెళ్ళానని తరవాత ఆఫీసులో చెప్పుకున్నాను. నా దగ్గరున్న పరికరం సత్తిబాబు ఫోనే. దాని మీద సిగ్నలు గీతలు లెక్కపెట్టడం పిల్లలకి కూడా వచ్చు.

రావులపాలెంలో బస్సు దిగి గట్టు దాకా ఆటోలో వెళ్ళాను. అన్ని నెలలుగా మాట్లాడుతున్న మనిషిని అప్పుడే చూడడం. పొడుగ్గా, నల్లగా, నేననుకున్నదానికన్నా చిన్నవాడు. అతనూ నన్ను చూసి కాస్త ఆగాడు. ఆఫీసరంటే ఇంకెలాగో ఊహించుకుని ఉంటాడు. నావ ఎక్కబోతూ ఒండ్రులో జారి నడుం దాకా దిగబడ్డాను. నన్ను చంకల కింద చేతులేసి ఎత్తి, గెలని పెట్టినట్టు నావలో పెట్టాడు.

నది మధ్యలో, బట్టలు ఆరుతుండగా చెప్పేశాను. నేను ఆఫీసర్ని కాను సత్తిబాబూ, నంబర్లెక్కించే గుమాస్తాని, తాళం తీయడం నా వల్ల కాదు, హైదరాబాదు వాళ్ళు కుదరదన్నారు అని.

అతను గెడతో నావని నెట్టడం ఆపలేదు.

"ఆఫీసరు కాదని తెలుసండి" అన్నాడు. "ఆఫీసరైతే రోజూ అంతసేపు మాట్టాడతారేంటండి."

"మరి మీ ఆవిడకి ఆఫీసరని కబురెందుకు పెట్టావు?"

"మీరు గుమస్తా అంటే అది వత్తానంటాదేంటండి."

లంకలో పడమటి అంచున, ఎత్తు మీద అతని పాక. పక్కనే ఇసకలో తవ్విన చలమ. తాగేనీళ్ళు దానివే. అక్కడ ఫోను చూస్తే 'ఎమర్జెన్సీ ఓన్లీ' అని ఉంది. మా కంపెనీ పేరు మాత్రం పైన నిండుగా ఉంది. అక్కణ్ణుంచి తూర్పుగా నడిచాం. అరటితోటలో సిగ్నలు పూర్తిగా పోయింది. నీళ్ళు నిండిన ఆ ఆకులు మాటని మింగేస్తాయి. తోట దాటి, గడ్డి దాటి, ఎండలో తూర్పు అంచు దాకా వచ్చేసరికి నా మోకాళ్ళు ఇక కదలమన్నాయి. అక్కడ నేల పల్లంగా, చెట్టన్నది లేకుండా ఉంది.

సమస్యకి పరిష్కారం అక్కడే నా బుర్రలో మెరిసిందని మెస్సులో చాలామందికి చెప్పాను. మెరవలేదు. కాళ్ళు పీకుతున్నాయి, నీడ లేదు. "ఆ పాకేదో ఇక్కడ వేసుకుని ఉంటే కూర్చునేవాళ్ళం కదయ్యా" అని విసుక్కున్నాను. అంతే నేనన్నది.

అతను ఫోను వంక చూశాడు. నాకు చూపించాడు. మూడు గీతలు. ఎమర్జెన్సీ అన్న మాట లేదు. ఎదురుగా రావులపాలెం వైపు గట్టు, దాని వెనక మా టవరు.

వాళ్ళన్నయ్యకి కొట్టాడు. వెళ్ళింది. "అన్నయ్యా, లంకలోంచే" అన్నాడు. ఇంకేం చెప్పాలో తెలియక పెట్టేశాడు. మొగల్తూరుకి కొట్టమన్నాను. కొట్టలేదు. "ఇప్పుడు కొట్టి ఆశ పెట్టకూడదండి. పాక ఏశాక అదే కొట్టుకుంటాది" అన్నాడు.

ఇద్దరం కూర్చున్నాం. మా కంపెనీ తాళం జరపలేదు, టవరు జరపలేదు. జరపగలిగింది అతని ఇల్లొక్కటే.

"ఇక్కడ పల్లం కదా?" అన్నాను.

"వరదకి ఎలాగూ ఇప్పేత్తాం కదండి. పాకే, మేడ కాదుగా."

"నీళ్ళు?"

అతను వెనక్కి తిరిగి తోట వైపు చూశాడు. చలమ లంకకి ఆ చివర ఉంది. తూర్పు అంచున తవ్వితే ఒండ్రు కలిసిన బురదనీళ్ళే వస్తాయిట.

"నీళ్ళు నేను మోత్తానండి" అన్నాడు.

మా రూలు వల్ల ఒక మనిషి రోజూ లంక ఆ కొస నుంచి ఈ కొసకి బిందెలు మోయాలి. ఇది ఏ లెక్కల్లోకీ ఎక్కదు. మీరు కంపెనీలో కూర్చుని ఒక గడి తీసేసినప్పుడో పెట్టినప్పుడో ఎక్కడో ఎవరో నీళ్ళు మోస్తుంటారు. మీకు కనిపించదు. నాకు కనిపించింది, ఏమీ చేయలేకపోయాను. అది రాయకుండా ఈ ఉద్యోగం గురించి రాశానంటే మళ్ళీ గొప్పలే అవుతాయి.

వరద నెలలు

ఆషాఢంలో పాక విప్పేశారు. వరదల్లో సత్తిబాబు గట్టు మీద వాళ్ళన్నయ్య అరుగు మీద ఉండేవాడు. అక్కడ ఫోను ఎవరికైనా వెళుతుంది. ఇక నాకు చేయడనుకున్నాను. చేసేవాడు. మొదటిరోజు ఫిర్యాదు ఏంటని అడిగాను.

"ఏం లేదండి. నీళ్ళు బాగా ఎక్కినియ్యి" అన్నాడు.

ఆ నెలలు నా ఉద్యోగంలో మంచి నెలలు. రికార్డుల్లో అవి ఫిర్యాదులే. నీరు ఎర్రగా ఉందనీ, లంకలో తోట తలలు మాత్రమే కనిపిస్తున్నాయనీ ఒక మనిషి చెబుతుండేవాడు, నేను వింటుండేవాణ్ణి. భాద్రపదంలో నీళ్ళు తీశాక తూర్పు అంచు కోసుకుపోయిందేమోనని ఇద్దరికీ భయం పట్టుకుంది. గోదావరి ఏ ఏడు ఏ ఇసక ఎక్కడ పెడుతుందో ఎవరికీ చెప్పదు. నావ వేసుకుని వెళ్ళి చూసొచ్చాడు. కొంత కోసింది, పాకంత నేల మిగిలింది. గీతలు రెండే వస్తున్నాయి, ఒక్కోసారి మూడు. రెండు చాలని నేను గట్టిగా చెప్పాను. చాలతాయో లేదో నాకు తెలియదు.

ఆ మధ్యలో మా ఫిర్యాదుల ఫోను హైదరాబాదుకి మార్చేస్తారని మాట వచ్చింది. అక్కడ పెద్ద హాల్లో ఆడపిల్లలు కూర్చుని జవాబులు చెబుతారుట. కార్తీకం దాటాకే మారుస్తామన్నారు. నేను కిరణ్‌గారిని ఏమీ అడగలేదు, ఆయనే వచ్చి చెప్పాడు.

కార్తీకం

పాక లేచింది. పౌర్ణమి వెళ్ళాక మంగ వస్తోందని సత్తిబాబు ముందురోజు చెప్పాడు. రేవులో దిగాక లంకకి తీసుకెళతాడు, తను పాకలో నిలబడి వాళ్ళమ్మకి కొడుతుంది, వెళితే ఉంటుంది, వెళ్ళకపోతే అదే నావలో వెనక్కి.

"ఎల్లకపోతే మీకు కొడతానండి" అన్నాడు. "మీకైతే ఎలాగూ ఎల్తాది."

ఆమె వచ్చే రోజు నంబర్లు ఎక్కిస్తూ రెండు ఫోన్లలో తప్పు నంబరు ఎక్కించాను. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళలేదు. ప్రతి మోతకీ ఉలిక్కిపడ్డాను. ఒకాయన పాట ఆగడం లేదన్నాడు, ఒకావిడ బొమ్మ పోవడం లేదంది. సాయంత్రం అతని వేళ అయ్యింది. మోగలేదు. అందరూ వెళ్ళారు. అప్పుడూ మోగలేదు. మోగలేదంటే అక్కడ పనిచేసిందనే. నా పనిలో ఫోను మోగకపోతే సంతోషించిన రోజు అదొక్కటే. అయినా చాలాసేపు కూర్చునే ఉన్నాను.

మర్నాడూ లేదు. ఆ వారమూ లేదు. కిరణ్‌గారు హైదరాబాదుకి ఆ ఫిర్యాదు మూసేశామని రాశాడు, కస్టమరు ఇప్పుడు తన ఏరియాలోనే వాడుతున్నారని. వాళ్ళు మెచ్చుకుంటూ జవాబిచ్చారు. ఆయన ఆ జవాబు నాకు చూపించి వెళ్ళిపోయాడు.

ఫిర్యాదుల ఫోను తీసుకెళ్ళడానికి మనుషులు వస్తారనగా, ఆ ముందు సాయంత్రం నేనే అతని నంబరుకి చేశాను. ఎప్పుడూ అటు నుంచే రావడం తప్ప నేను చేయడం అదే మొదటిసారి. పెనుగొండ అమ్మవారి ప్రసాదం ఎవరో ఆఫీసుకి తెచ్చారు, అదొక వంకగా చెబుదామనుకున్నాను.

ఆడగొంతు పలికింది. "ఎవరండి?"

ఏం చెప్పాలో ముందే అనుకున్నాను. నోట్లోంచి ఇంకోటి వచ్చింది. "కంపెనీ నుంచమ్మా. ఫోను సరిగ్గా పనిచేస్తోందా అని."

"చేత్తందండి. మా అమ్మతో రోజూ మాట్టాడతన్నాను."

వెనకనుంచి సత్తిబాబు గొంతు వినపడింది. ఎవరే అంటున్నాడు.

"కంపెనీవోళ్ళంట."

"బాగానే ఉందని చెప్పి పెట్టెయ్యి. అత్తయ్య చేసే ఏళయ్యింది."

"బాగానే ఉందంటండి" అంది మంగ నాతో, ఎంతో మర్యాదగా. "ఉంటానండి మరి."

మంచిదమ్మా, ఉంటాను అన్నాను. అప్పటికే పెట్టేసింది.